నిప్పు కనబడని పొయ్యి

సిరిమానోత్సవం చూడ్డానికని శ్రీకాకుళం జిల్లా బుడితి నుంచి విజయనగరం వచ్చిన మా పెద్దమ్మ ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఏడాది క్రితం వంటిల్లు బాగుచేయించినప్పుడు గ్యాసు పొయ్యి వెనక వరండాలోకి వెళ్ళింది, వంటగట్టు మీదకి సిరామిక్ హాబ్ వచ్చింది. పైన నల్లటి గాజు పలక, దాని కింద ఎర్రగా కాలే తీగ చుట్టలు, తిప్పడానికి మరలు, మొత్తం రెండు పొయ్యిలు. పెద్దమ్మ దాన్ని 'అద్దప్పొయ్యి' అంటుంది. వచ్చిన దగ్గర్నుంచి దాని మీద టీ కూడా పెట్టలేదు. ఇది మంచి పొయ్యి అనీ, వాడే పద్ధతి తెలియకే దీనికి చెడ్డపేరొస్తోందనీ నా నమ్మకం. నిన్న పొద్దున్న ఇద్దరం దాని ముందు నిలబడి వాదించుకున్నాం. ఆవిడ నన్ను పట్టేసుకున్న చోట్లు కూడా దాచకుండా రాస్తున్నాను.

పెద్దమ్మ: ఒలే, ఇలగ రా. ఈ మూల ఏటిది? పెసరగింజంత గుంట పడిపోనాది. కొని ఏడాది అయినాదా?

నేను: సంక్రాంతికి అరిసెల పాకం పొంగింది పెద్దమ్మా. రాత్రి పదకొండయింది, పొద్దున్న చూద్దాంలే అని వదిలేశాను. తెల్లారి అట్లకాడతో గీకితే బెల్లం పెచ్చుతో పాటు గాజు పెచ్చు కూడా లేచొచ్చింది. తప్పు నాది, పొయ్యిది కాదు.

పెద్దమ్మ: పాకం పొంగడం తప్పేటి? నా వంటలో ఎన్నిసార్లు పొంగినాదో లెక్కుందా? మట్టిపొయ్యి మీద పొంగితే ఇంత బూడిద జల్లీసి ఊరుకున్నాను. పాకం పొంగితే పాడైపోయే పొయ్యి సంక్రాంతి సేసుకునే ఇంట్లో ఎందుకు?

నేను: పొంగడం తప్పు కాదు, చల్లారనివ్వడం తప్పు. ఎందుకో విను. ఇది మన కిటికీ అద్దం లాంటి గాజు కాదు. 1953లో అమెరికాలో, కార్నింగ్ కంపెనీలో డొనాల్డ్ స్టూకీ అనే ఆయన ఒక గాజు ముక్కని కొలిమిలో పెట్టాడు. 600 డిగ్రీల దగ్గర ఆగాల్సిన కొలిమి చెడిపోయి 900 దాకా పోయింది. గాజు కరిగి ముద్దయిపోయుంటుందనుకుని తలుపు తీస్తే, ముక్క తెల్లగా గట్టిపడి ఉంది. పట్టకారులోంచి జారి నేల మీద పడింది, పగల్లేదు. లోపల సన్నటి స్ఫటికాలు కట్టిందన్నమాట. ఆ దారిలోనే తర్వాత లిథియం, అల్యూమినియం, సిలికా కలిపి, వేడికి దాదాపు సాగని, చల్లారితే దాదాపు ముడుచుకోని గాజు తయారుచేశారు. 1971లో జర్మనీలో షాట్ కంపెనీ దాన్ని పొయ్యి మీదకి తెచ్చింది. మామూలు గాజుని ఎర్రగా కాల్చి నీళ్ళు పోస్తే ఫెళ్ళుమంటుంది. ఇది అలా కాదు. సాగదు, ముడుచుకోదు కాబట్టి తట్టుకుంటుంది.

పెద్దమ్మ: నేల మీద పడినా పగల్లేదంతావు, బెల్లానికి పెచ్చూడిపోనాదంతావు. ఈ రెండిట్లో ఏది నిజం?

నేను: రెండూ నిజమే. గాజు ముడుచుకోదు, బెల్లం ముడుచుకుంటుంది. వేడి మీద పాకం కరిగి గాజుకి గట్టిగా అతుక్కుంటుంది. చల్లారేటప్పుడు అది బిగుసుకుంటూ, పట్టుకున్న గాజు పొరని కూడా తనతో లాగేస్తుంది. పంచదార, బెల్లం, జాము, పాయసం, ఏదైనా అంతే. అందుకే తీపి పడిందంటే వెంటనే మర ఆపి, గిన్నె తీసి, గాజు వేడిగా ఉండగానే బ్లేడు బిగించిన గీకుడు కర్రని ఏటవాలుగా పెట్టి పాకాన్ని చల్లటి వైపుకి తోసెయ్యాలి. చేతికి మందపాటి మసిగుడ్డ చుట్టుకోవాలి. పాలిథిన్ కవరు, మిక్సీ మూత, అల్యూమినియం రేకు కరిగి అంటుకున్నా ఇదే పద్ధతి. అన్నం ఎసరు పొంగితే మాత్రం ఇంత హడావిడి అక్కర్లేదు. చల్లారాక తడిగుడ్డ కాసేపు పరిచి ఉంచితే గంజి నాని ఊడొస్తుంది.

పెద్దమ్మ: కాలతన్న పొయ్యి మీద బ్లేడెట్టి గీకమంతావు. అర్ధరాత్రి, అరిసెలొత్తి సేతులు పడిపోనాక. పిల్లలు కాళ్లకి అడ్డం పడతంటే. అదేనా నువ్వు సెప్పే భద్రం?

ఇక్కడ నా దగ్గర గట్టి జవాబు లేకపోయింది. ఆ పని జాగ్రత్తగా చేయొచ్చు, నేను చేస్తున్నాను కూడా. కానీ పండగ రాత్రి అలిసిపోయిన చేతికి అది సులువైన పనని చెప్పలేను.

నేను: సరే, పాకం పనులు వరండాలో గ్యాసు మీదే చేసుకుందాం. ఒప్పుకుంటున్నాను.

పెద్దమ్మ: ఇంకోటుంది. నర్సన్నపేటలో మా తోడికోడలింట్లో అద్దం పొయ్యి ఠప్పుమని పేలిపోనాది. ఇల్లంతా పలుకులు. అన్నం కుండలో కూడా గాజు పలుకులే.

నేను: అది గ్లాస్ టాప్ గ్యాసు పొయ్యి పెద్దమ్మా. దాని పైనుండేది టఫెన్డ్ గాజు. దాన్ని కాల్చి ఒక్కసారిగా చల్లార్చి, లోపల బిగువు పుట్టించి గట్టిచేస్తారు. అంచుకి దెబ్బ తగిలినా, మంట సరిగా లేక ఒక చోటే కాలినా ఆ బిగువంతా ఒక్కసారి విడిపోయి జొన్నగింజల్లా రాలిపోతుంది. సిరామిక్ పలకలో ఆ బిగువు ఉండదు. పగిలితే గీతలు గీతలుగా చీలుతుంది. కానీ చీలింది కదా వాడుకోవచ్చు అనుకోకూడదు. కింద కరెంటు తీగలున్నాయి. వెంట్రుకంత చీలిక కనబడినా చాలు, అందులోంచి సాంబారు చుక్క దిగితే షాక్ కొట్టొచ్చు. ముందు గోడ దగ్గర మెయిన్ ఆపెయ్యాలి, ఆ తర్వాతే పలకని ముట్టుకోవాలి. కొత్త పలక వేయించేదాకా దాని జోలికి పోకూడదు.

పెద్దమ్మ: దెబ్బ తగిలితే పగులుతాదన్నమాట.

నేను: బరువైంది మొనదేలి పడితే పగులుతుంది. వేడికి గట్టిదే గాని దెబ్బకి అంత గట్టిది కాదు.

పెద్దమ్మ: అయితే తలెత్తి సూడు. సరిగ్గా దీని నెత్తి మీద అల్మరాలో ఆవకాయ జాడీ ఎట్టినావు. నాలుగు కేజీలుంటాది. సేయి జారితే ఏటవుతాది? నీ పొయ్యి గురించి నాకు పాఠాలు సెప్పీముందు ఆ జాడీ దింపు.

దింపాను. ఆ అల్మరాలో ఇప్పుడు కాగితం పొట్లాలు, గుడ్డలు తప్ప బరువైనవేవీ లేవు.

నేను: దీన్ని రోజూ చూసుకోవడం కష్టమేం కాదు. చల్లారాక ఒక చుక్క గిన్నెల సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడిచి, తడిగుడ్డతో సబ్బంతా పోయేలా తీసి, పొడిగుడ్డతో ఆరబెట్టాలి. సబ్బు మిగిలితే మళ్ళీ వేడికి మాడి మరక కడుతుంది. బోరు నీళ్ళ తెల్ల చారలకి నాలుగు చుక్కల వెనిగరో నిమ్మరసమో చాలు. స్టీలు పీచు, గరుకు పౌడరు మాత్రం వద్దు. గిన్నెని జరపకూడదు, ఎత్తి పెట్టాలి. అడుగున ఒక్క ఇసక రేణువు ఉన్నా, ఉప్పు కల్లు ఉన్నా, జరిపితే గీత పడుతుంది. అల్యూమినియం గిన్నె జరిపితే బూడిదరంగు చార పడుతుంది. అది గీత కాదు, గిన్నె లోహమే అక్కడ రాసుకున్నది. దాన్ని తీయొచ్చు.

పెద్దమ్మ: ఎత్తిపెట్టమంతావు. మరి మా అమ్మ గుండిగ ఎక్కడ?

నేను: అటక మీద ఉంది.

పెద్దమ్మ: అటకెక్కించీసినావన్నమాట. బుడితి కంచరోళ్ల సేత సేయించిన ఇత్తడి గుండిగ అది. పెద్దదాన్ని, నాకు రావాలి. నాను నోరెత్తకుండా మీ అమ్మ పెళ్లికి ఇచ్చీసినాను. నీ అద్దప్పొయ్యి కోసం దాన్ని అటకెక్కిస్తావా?

నేను: పొయ్యి కోసం కాదు, కళాయి పోయిందని. పూత వేసేవాళ్ళు ఇటు రావడం తగ్గిపోయింది.

పెద్దమ్మ: మా ఊరు తెస్తే ఏసీరా? నువ్వు తెచ్చినావా? అమ్మ పోయినాక ఒక్కసారైనా దాంట్లో పులిహోర కలిపినావా? ముందు ఆ మాట సెప్పు.

పొయ్యి సంగతి అక్కడ ఆగిపోయి, పావుగంట గుండిగ సంగతే నడిచింది. ఎవరి పెళ్లికి ఎవరేమిచ్చారో, అమ్మమ్మ ఆఖరి రోజుల్లో ఏమందో అన్నీ వచ్చాయి. చివరికి స్టూలు వేసుకుని గుండిగ దింపాను. చింతపండు పెట్టి తోమితే పసుపు రంగు తేలింది.

నేను: చూడు, ఇండక్షన్ పొయ్యి అయితే దీన్ని అసలు పట్టించుకోదు. దాని కింద ఉండేది అయస్కాంతపు చుట్ట, అయస్కాంతం అతుక్కునే అడుగున్న గిన్నెనే వేడి చేస్తుంది. ఇత్తడికి, రాగికి అయస్కాంతం అతుక్కోదు. మాది తీగ కాలే పొయ్యి కాబట్టి ఏ లోహమైనా వేడెక్కుతుంది. ఒక్కటే షరతు, అడుగు చదునుగా ఉండాలి.

పిల్లల స్కేలు తెచ్చి గుండిగ అడుగుకి ఆనించాను. మధ్యలో మాత్రమే తగిలింది. రెండు పక్కలా వేలు దూరేంత ఖాళీ.

పెద్దమ్మ: గుండిగ గుండ్రంగానే ఉంటాది. అందుకే దాని పేరు గుండిగ. గుండిగ కూసోలేని పొయ్యి నాకెందుకే? ఇంకోటి ఇనుకో. కళాయేసిన గిన్ని ఖాళీగా పొయ్యెక్కిస్తే పూత కరిగి ముద్దయిపోతాది. నీ పొయ్యిలో మంట కనబడదు కదా, ఎంత కాలతందో ఎలగ తెలుస్తాది?

నేను: కళాయి అంటే తగరం పూతే, తగరం 232 డిగ్రీలకే కరుగుతుంది, నువ్వు చెప్పింది నిజం. నాకు భయమైనదీ అదే, మంట కనబడకపోవడం. గ్యాసు ఆపితే మంట పోతుంది, చూసినవాళ్ళకి ఆపేశామని తెలుస్తుంది. దీని మర ఆపినా గాజు చాలాసేపు కాలుతూనే ఉంటుంది, రంగు మాత్రం మళ్ళీ నల్లగానే. మన కన్ను నలుపుని చల్లదనం అనుకుంటుంది. అందుకే ఇక్కడ ఎర్రగా 'ఎచ్' అక్షరం వెలుగుతుంది, హాట్ అని, అంటే వేడిగా ఉందని. గాజు సుమారు 60 డిగ్రీల కిందకి దిగితేనే ఆరుతుంది. ఆ అక్షరం వెలుగుతున్నంతసేపు ఇది నిప్పే. మసిగుడ్డ పెట్టకూడదు, ప్లాస్టిక్ డబ్బా పెట్టకూడదు, పిల్లల్ని గట్టెక్కనివ్వకూడదు. ఖాళీగా ఉంది కదా అని కూరగాయల బుట్ట పెట్టే అలవాటు మన ఇళ్ళల్లో ఉంది, అది మానుకోవాలి.

పెద్దమ్మ: కరెంటు పోతే ఆ ఎర్ర అక్షరం ఏటవుతాది?

ఇది నేను ఊహించని ప్రశ్న. కొన్ని హాబ్‌లలో కరెంటుతో పాటే ఆ దీపమూ పోతుంది. మాదాంట్లో పోతుంది. అంటే గాజు కాలుతూ ఉంటుంది, చెప్పేవాళ్ళుండరు.

నేను: ఆరిపోతుంది.

పెద్దమ్మ: సూసినావా! 2018లో తిత్లీ తుఫాను వొచ్చినప్పుడు ఉద్దానంలో మావోలింట్లో రోజులకి రోజులు కరెంటు లేదు. పడిపోయిన జీడిసెట్ల కొమ్మలు కొట్టుకుని, మూడు రాళ్లెట్టి గంజి కాసినాది మా ఆడబిడ్డ. అప్పుడు ఈ అద్దం ముందు కూసుని ఏటి సేస్తావు?

నేను: అందుకే సిలిండరు ఇచ్చెయ్యలేదు, ఇవ్వను కూడా. తుఫాను జిల్లాలో ఒక్క కరెంటు పొయ్యినే నమ్ముకోమని నేనెవరికీ చెప్పను. రోజువారీ కరెంటు కోతకి మాత్రం ఒక పద్ధతి పెట్టుకున్నాను. కరెంటు పోయిన క్షణమే మరలు సున్నాకి తిప్పేస్తాను. లేకపోతే మనం బజారులో ఉండగా కరెంటు వచ్చి దానంతటదే కాలడం మొదలెడుతుంది. పొయ్యి మీదున్న గిన్నె దించను. గిన్నె ఉంటే గాజు మీద ఎవరూ చెయ్యి పెట్టరు. గిన్నె ఖాళీదైతే అందులో నీళ్ళు పోస్తాను. అరగంట దాకా దాని జోలికెళ్ళను.

పెద్దమ్మ: అది బాగున్నాది. గిన్నె మూతలా కాపలా కాస్తాది.

నేను: వైరింగు కూడా చూసుకోవాలి. రెండు పొయ్యిలూ పెడితే 3,000 వాట్లు, మన 230 వోల్టులకి 13 ఆంపియర్లు. మామూలు లైటు లైను మీద, సన్న వైరు మీద పెడితే గోడలో వైరే పొయ్యవుతుంది. మీటరు బోర్డు నుంచి దీనికోసం విడిగా మందపాటి వైరు లాగించి, విడిగా ఎంసీబీ, అంటే కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగిపోయే స్విచ్చు, పెట్టించాం. ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చి వాడేవాళ్ళని చూశాను, వాళ్ళకి పొయ్యి మీద పాఠం కాదు, ముందు ఎలక్ట్రీషియన్ కావాలి.

పెద్దమ్మ: నూనె అంటుకుంటే?

నేను: మర ఆపి, మూత పెట్టెయ్యాలి. నీళ్ళు పొయ్యకూడదు.

పెద్దమ్మ: అది ఏ పొయ్యికైనా అంతే. ఇందాకట్నుంచి నువ్వు సెప్పిన వాటిలో సగం నాకు తెలిసినవే. తెలీనిదల్లా ఒకటే, నల్లగా ఉన్నది సల్లగా ఉండదని. అది మాత్రం కొత్తగా నేర్సుకోవాలి.

ఆ మాట నేను అరగంటగా చెప్పబోతున్నదే, నాకంటే బాగా చెప్పింది.

తర్వాత గుండిగ తీసుకెళ్ళి వరండాలో గ్యాసు పొయ్యి పక్కన బోర్లించింది. తనతో బుడితి తీసుకెళ్ళి కళాయి వేయించి, సంక్రాంతికి తనే తెస్తానంది. వంటింట్లోకొచ్చి చదును అడుగున్న చిన్న స్టీలు గిన్నె తీసుకుని, తిరగేసి అడుగుని అరచేత్తో తుడిచింది. పాలు పోసి రెండు చేతులతో ఎత్తి పొయ్యి మీద పెట్టింది. సరిగ్గా మధ్యలో పడలేదు. జరపబోయి ఆగి, మళ్ళీ ఎత్తి పెట్టింది.

టీ తాగాక మర ఆపిన పొయ్యి వైపు చూస్తూ కూర్చుంది.

పెద్దమ్మ: ఆ అక్షరం ఇంకా ఎలుగుతాది. పిల్లల్ని అటు రానీకు.