బారాటాంగ్‌కి ఆ దారిలో వెళ్లొద్దు

ఈ చలికాలం అండమాన్‌కి టికెట్లు తీసుకున్నవాళ్లకు, తీసుకోబోతున్నవాళ్లకు ముందే ఒక మాట చెప్పాలనుకుంటున్నాం. ట్రావెల్ ఏజెంటు వాట్సాప్‌లో పంపే ప్యాకేజీలో ఏదో ఒక రోజు కింద ‘బారాటాంగ్’ అనే దీవి పేరు ఉంటుంది. సున్నపురాయి గుహలు, మడ అడవుల మధ్య బోటు ప్రయాణం, బురద ఉబికే గుంటలు అని దాని పక్కనే రాసి ఉంటుంది. రోడ్డు మార్గంలో తీసుకెళ్లేట్టయితే ఆ రోజుని తీసేయించండి.

గుహలు బాగుండవని కాదు. నీలంబూర్ జెట్టీ నుంచి చిన్న బోటులో మడచెట్ల కింద నుంచి వెళ్లి, కిలోమీటరు పైచిలుకు నడిస్తే వచ్చే ఆ గుహలు చూడదగ్గవే. గొడవంతా అక్కడికి చేరే దారితోనే. పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి అధికారికంగా శ్రీ విజయపురం) నుంచి తెల్లవారక ముందే బయల్దేరి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ వరసకట్టి ఆగుతాయి. ఆరింటికి గేటు తీస్తారు. ముందూ వెనకా పోలీసు కాపలాతో కాన్వాయ్ కదులుతుంది. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ జెట్టీ దాకా దాదాపు యాభై కిలోమీటర్లు జరవాలనే ఆదివాసుల అడవి. బండి ఆపకూడదు, అద్దాలు దించకూడదు, ఫొటోలు తీయకూడదు, తినేవి ఇవ్వకూడదు. రూల్స్ అన్నీ రాసిపెట్టి ఉన్నాయి. కానీ బండిలో కూర్చున్న చాలామంది కళ్లు వెతికేది ఒక్కదాని కోసమే, ‘జరవాలు కనపడతారా?’ అని. తిరిగొచ్చాక చుట్టాలకు చెప్పేది కూడా ముందు అదే. డ్రైవర్లని ఆ ప్రశ్న అడిగేవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఇది మనుషుల్ని చూడ్డానికి చేసే సఫారీ. మాకు వేరే పేరు తోచడం లేదు.

జరవాలు 2011 జనాభా లెక్కల ప్రకారం 380 మంది. మన అపార్ట్‌మెంట్లలో ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో ఉండేవాళ్ల కంటే తక్కువ. వేల ఏళ్లుగా అండమాన్ అడవుల్లో వేటాడుతూ, తేనె తీస్తూ, తీరంలో చేపలు పడుతూ బతుకుతున్నవాళ్లు. 1970ల్లో వాళ్ల అడవి మధ్య నుంచి ఈ ట్రంక్ రోడ్డు వేస్తుంటే బాణాలతో ఎదిరించారు. 1990ల చివర్లో వాళ్లంతట వాళ్లే ఊళ్ల వైపు రావడం మొదలుపెట్టాక, 1999లో తట్టు సోకింది. మనకి చిన్నప్పుడు వచ్చి పోయే జబ్బులు వాళ్లలో ఊపిరి తీసేంత ప్రమాదం, ఎందుకంటే బయటి జబ్బుల్ని తట్టుకునే శక్తి వాళ్ల ఒంటికి తరతరాలుగా అలవాటు కాలేదు. ఇది ఊహ కాదు. 1858లో బ్రిటిష్‌వాళ్లు ఖైదీల స్థావరం పెట్టినప్పుడు వేలల్లో ఉన్న గ్రేట్ అండమానీలు అనే మరో ఆదివాసీ జనం వందేళ్లు తిరిగేసరికి ఇరవై మంది లోపుకి వచ్చేశారు. వాళ్లలో ‘బో’ భాష తెలిసిన చివరి మనిషి 2010లో చనిపోయింది.

2012 జనవరిలో బయటికొచ్చిన ఒక వీడియో గుర్తుండే ఉంటుంది. తిండి ఆశ చూపించి జరవా ఆడవాళ్ల చేత డాన్స్ చేయించడం చూసి దేశమంతా సిగ్గుపడింది. దానికి పదేళ్ల ముందే, 2002లోనే, సుప్రీంకోర్టు ఈ రోడ్డుని ఆ అడవి భాగంలో మూసేయమంది. మూయలేదు. 2013 జనవరిలో మధ్యంతర ఉత్తర్వుతో టూరిస్టుల రాకపోకలు ఆగాయి, మార్చికల్లా మళ్లీ మొదలయ్యాయి. అప్పట్నుంచి కాన్వాయ్ నడుస్తూనే ఉంది.

రోడ్డు పూర్తిగా మూస్తే దానికి ఉత్తరాన ఉన్న రంగత్, మాయాబందర్, డిగ్లీపూర్ ఊళ్లవాళ్ల గతేంటని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. రోగిని పెద్దాసుపత్రికి తీసుకురావాలన్నా, కాలేజీకి వెళ్లాలన్నా, కూరగాయలు అమ్ముకోవాలన్నా వాళ్లకు ఆ రోడ్డు కావాలి, వాళ్లని ఆపమని మేం అనడం లేదు. వాళ్ల అవసరం వేరు, మన సరదా వేరు. గుహలు చూడ్డానికి వెళ్లేవాళ్లకు సముద్రం ఉంది. పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్‌కి రోజూ నమ్మకంగా నడిచే బోట్లు, అందుబాటు టికెట్టు, వాతావరణం బాలేనప్పుడు డబ్బు వాపసు, ఇవి ఏర్పాటు చేసి టూరిస్టుల వాహనాలను జిర్కాటాంగ్ దగ్గర ఆపేస్తే సరిపోతుంది. సముద్ర మార్గం గురించి మాటలు ఏళ్ల తరబడి వింటున్నాం, టూరిస్టు మాత్రం ఇంకా అడవిలోంచే పోతున్నాడు. బారాటాంగ్‌లో బోట్లు నడుపుకునేవాళ్లకు దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు, టూరిస్టు ఏ దారిన వచ్చినా గుహలకు వాళ్ల బోటే ఎక్కాలి.

గట్టిగా పట్టుకుంటే మనవాళ్లు మాట వినరన్నది అబద్ధం. వాండూర్ దగ్గర జాలీ బాయ్ దీవికి వెళ్లిచూడండి. ప్లాస్టిక్ సీసా గానీ, చిప్స్ ప్యాకెట్ గానీ దీవిలోకి పోనివ్వరు, జెట్టీ దగ్గరే సంచులు వెతుకుతారు. జనం కాసేపు విసుక్కుంటారేమో గానీ పాటిస్తారు, అక్కడి పగడాలు చూసి సంతోషంగా వస్తారు. పగడాలకు ఇచ్చిన ఆ మర్యాద ఆ కొద్దిమంది మనుషులకు ఇవ్వలేమా?

ఇక మిగిలిన ఆ రోజు ఏం చేయాలంటారా, చూడ్డానికి బోలెడుంది. చాలామంది సెల్యులార్ జైలుని సాయంత్రం లైట్ షోకి ముందు గబగబా చుట్టేసి వస్తారు. దానికి సగం రోజు ఇవ్వండి. 1906లో పూర్తయినప్పుడు ఏడు విభాగాలు, ఇప్పుడు మూడే మిగిలాయి. రంప తిరుగుబాటులో అల్లూరి వెంట నడిచిన గాం మల్లుదొర ఈ అండమాన్లోనే శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పిల్లలకు ఆ కథ అక్కడ నిలబడి చెప్పండి. వైస్రాయ్ మేయోని చంపిన షేర్ అలీని 1872లో ఉరితీసిన వైపర్ దీవి దగ్గర్లోనే ఉంది. సాయంత్రం జంగ్లీఘాట్ వైపు నడిస్తే శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి ఎప్పుడో వెళ్లి స్థిరపడ్డ మత్స్యకార కుటుంబాల తెలుగు వినపడుతుంది. వాళ్లతో కూర్చుని మాట్లాడండి, ఇష్టంగా మాట్లాడతారు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అండమాన్ ప్యాకేజీలు అమ్మే ఏజెంట్లను కూడా ఒకటి కోరుతున్నాం. కాగితంలోంచి రోడ్డు మార్గం బారాటాంగ్‌ని మీరే తీసేయండి. ‘అదృష్టం ఉంటే జరవాలు కనిపిస్తారు’ అని ఆశపెట్టడం ఇవాళే మానేయండి.