కండ పెరిగింది సరే, బలం ఏది?

జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లకి ఎంకే-677 అంటే ఏంటో ఇప్పుడు కొత్తగా చెప్పక్కర్లేదు. అసలు పేరు ఇబుటమోరెన్. సూది పొడుచుకోనక్కర్లేదు, నోట్లో వేసుకుంటే చాలు, ఒంట్లో గ్రోత్ హార్మోన్ దానంతటదే ఊరుతుంది, కండ పడుతుంది, కొవ్వు కరుగుతుంది, ఒళ్లు మరిచి నిద్ర పడుతుంది, వయసు వెనక్కి మళ్లుతుంది అని ప్రచారం. ఇదేదో నాటు మందు కాదు, దీని మీద పెద్ద పెద్ద పరిశోధనలు జరిగాయి అనేది అమ్మేవాళ్ల మాటకి దన్ను. జరిగిన మాట నిజమే, 1990ల నుంచీ జరుగుతూనే ఉన్నాయి. కానీ అవి ఏం తేల్చాయో చివరిదాకా చదివిన ఆరోగ్యవంతుడెవరూ ఈ మందు ముట్టుకోడు. అమ్మేవాళ్లు చూపించేది మొదటి సగం మాత్రమే.

కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. 1990లో అమెరికాలో డేనియల్ రుడ్‌మన్ బృందం 61 నుంచి 81 ఏళ్ల మధ్య ఉన్న 21 మంది మగవాళ్లని తీసుకుని, అందులో 12 మందికి ఆరు నెలలు గ్రోత్ హార్మోన్ ఇంజెక్షన్లు ఇచ్చింది. కొవ్వు కాని బరువు 8.8 శాతం పెరిగింది, కొవ్వు 14.4 శాతం తగ్గింది. ఈ ఒక్క చిన్న అధ్యయనాన్ని చూపించి వయసు తగ్గిస్తామనే క్లినిక్కులు ఊరూరా లేచాయి. ఇంజెక్షన్ ఖరీదు, పైగా రోజూ పొడిపించుకోవాలి, అదే మాత్ర అయితే ఎంత బాగుంటుంది అని ఎవరికైనా అనిపిస్తుంది. 1995లో మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు ఆ మాత్రని ప్రకటించారు, అదే ఎంకే-677. చిత్రం ఏమిటంటే మందు ముందు పుట్టింది. అది ఒంట్లో ఎక్కడ పనిచేస్తుందో, అంటే ఏ రిసెప్టార్ మీద, 1996లో తెలిసింది. ఆ రిసెప్టార్ మీద మన ఒంట్లో సహజంగా పనిచేసే హార్మోన్ ఏదో 1999లో గానీ తెలియలేదు. జపాన్‌లో కొజిమా, కంగావా బృందం దాన్ని ఎలుక కడుపులో కనిపెట్టి గ్రెలిన్ అని పేరు పెట్టింది. గ్రెలిన్ అంటే ఆకలి పుట్టించే హార్మోన్. అంటే ఎంకే-677 వేసుకున్నవాడి మెదడుకి అందే కబురు 'ఆకలేస్తోంది' అనే. గ్రోత్ హార్మోన్ ఆ కబురుతో పాటు వచ్చేది. వేసుకున్నవాళ్లు రాత్రిపూట లేచి ఫ్రిజ్ తలుపు తీస్తున్నారంటే అది మందు చేసే పనే. ఇదే కోవకి చెందిన కాప్రోమోరెలిన్ అనే మందుకి 2016లో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ కుక్కలకి, తిండి ముట్టని కుక్కల్లో ఆకలి పుట్టించడానికి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1996లో 64 నుంచి 81 ఏళ్ల మధ్య ఉన్న 32 మంది మీద జరిగిన ట్రయల్లో రోజుకి 25 మిల్లీగ్రాముల మోతాదుతో ఐజీఎఫ్-1 స్థాయి యువకులకుండే స్థాయికి చేరింది. గ్రోత్ హార్మోన్ పనిచేస్తోందనడానికి గుర్తుగా రక్తంలో చూసేది ఈ ఐజీఎఫ్-1నే. ముసలివాళ్ల రక్తం రిపోర్టు కుర్రాళ్ల రిపోర్టులా వచ్చింది. ఇప్పటికీ అమ్మకం అంతా ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది.

దాని తర్వాత జరిగిందే చదవాల్సింది. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 60 నుంచి 81 ఏళ్ల మధ్య ఉన్న 65 మంది ఆరోగ్యవంతుల మీద రెండేళ్లపాటు ట్రయల్ నడిపి 2008లో ఫలితాలు ప్రచురించారు. రోజుకి ఒక మాత్ర, ఎవరిది అసలు మాత్రో ఎవరిది ఉత్తుత్తి మాత్రో వేసుకునేవాళ్లకీ తెలీదు, ఇచ్చేవాళ్లకీ తెలీదు. ఏడాది తిరిగేసరికి మందు వేసుకున్నవాళ్లలో కొవ్వు కాని బరువు సగటున 1.1 కిలోలు పెరిగింది, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో అర కిలో తగ్గింది. ఇక్కడితో ఆపితే అద్భుతమే. మరి ఆ కండతో బలం పెరిగిందా? లేదు. శారీరక సామర్థ్యం? అదీ లేదు. పెరిగినవి వేరే ఉన్నాయి. పరగడుపు షుగర్ సగటున 5 మిల్లీగ్రాముల దాకా పెరిగింది, ఇన్సులిన్ పనితనం తగ్గింది, ఒత్తిడి హార్మోన్ అనే కార్టిసాల్ పెరిగింది, కొందరికి కాళ్లలో నీరు చేరింది, కండరాల నొప్పులు వచ్చాయి. చెడు కొలెస్ట్రాల్ కొంచెం తగ్గింది, అది కూడా చెప్పాలి. కొవ్వు కాని బరువంటే అదంతా కండే అనుకోవడం కూడా పొరపాటు, ఒంట్లో చేరిన నీరు కూడా అందులోనే లెక్కకొస్తుంది.

దీనికన్నా నన్ను ఎక్కువగా పట్టేసింది ఆల్జీమర్స్ ట్రయల్. ఐజీఎఫ్-1 పెరిగితే మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రొటీన్ తగ్గొచ్చని జంతువుల మీద ప్రయోగాల్లో ఆశ కలిగింది. లాజిక్ బాగుంది, మందు చేతిలో ఉంది, 563 మంది రోగులతో ఏడాదిపాటు పరీక్షించారు. ఆరు వారాలకి ఐజీఎఫ్-1 60 శాతం పైగా పెరిగింది, ఏడాదికి దాదాపు 73 శాతం. మందు తను చెయ్యాల్సిన పని ఇంతకన్నా బాగా ఏం చేస్తుంది? జబ్బు మాత్రం ఆగలేదు. మందు వేసుకున్నవాళ్లలోనూ వేసుకోనివాళ్లలోనూ ఒకే వేగంతో ముదిరింది. ఇంట్లో అమ్మకో నాన్నకో మతిమరుపు మొదలై, పేర్లు మర్చిపోతూ, చివరికి మన ముఖం కూడా పోల్చుకోలేని దశకి వెళ్లడం చూసినవాళ్లకి ఆ 73 శాతానికి ఉన్న విలువెంతో ఒకరు చెప్పక్కర్లేదు.

తుంటి ఎముక విరిగిన వృద్ధులు త్వరగా కోలుకుంటారేమోనని 123 మందితో ఇంకో ట్రయల్ మొదలుపెట్టారు, గుండె వైఫల్యం సూచనలు కనబడడంతో మధ్యలోనే ఆపేశారు. కొద్దిమందిలోనే కనబడినా ఆపెయ్యక తప్పలేదు. ఇదే కోవలోని అనమోరెలిన్‌ని క్యాన్సర్‌తో చిక్కి శల్యమైపోయే రోగుల మీద రెండు పెద్ద ట్రయల్స్‌లో పరీక్షించారు. అక్కడా అదే కథ, కండ పెరిగింది, చేతి పట్టు పెరగలేదు. యూరప్ 2017లో వద్దంది, జపాన్ 2021లో ఆ రోగులకి మాత్రం అనుమతిచ్చింది.

ఇంత చెప్పినా 'ఆ ట్రయల్స్ అన్నీ ముసలివాళ్ల మీద చేసినవి, మేం కుర్రాళ్లం, రోజూ బరువులెత్తుతాం, మాకు వేరేగా పనిచేస్తుంది' అంటారు. ఈ కోవ మందులన్నీ పనికిరానివేం కావు, గ్రోత్ హార్మోన్ లోపం ఉన్న పిల్లలకి ఎంకే-677నే ఎల్‌యూఎం-201 పేరుతో డాక్టర్ల పర్యవేక్షణలో పరీక్షించారు, మాసిమోరెలిన్ అనేదాన్ని పెద్దవాళ్లలో ఆ లోపాన్ని కనిపెట్టే పరీక్షకి అమెరికా 2017లో అనుమతించింది. లోపం ఉన్నవాళ్లకి అది వైద్యం. లోపం లేని కుర్రాడికి మేలు చేస్తుందనే మాటకి రుజువు చూపించాల్సింది అమ్మేవాడు, నమ్మి డబ్బు కట్టేవాడు కాదు.

మన సంగతి వేరే చెప్పాలి. 2023లో వచ్చిన ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే లెక్కలో మన దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. గ్రోత్ హార్మోన్ స్వభావమే ఇన్సులిన్‌కి అడ్డుపడడం. అమ్మకీ నాన్నకీ ఇద్దరికీ షుగర్ ఉన్న కుర్రాడు ఆకలి పెంచే, ఇన్సులిన్ పనితనం తగ్గించే మందుని నెలల తరబడి వేసుకోవడమంటే కొరివితో తల గోక్కోవడమే.

పైగా సీసాలో ఉన్నది అదేనా? 2017లో అమెరికాలో పరిశోధకులు ఇలాంటి కండలు పెంచే సరుకు ఇంటర్నెట్‌లో 44 రకాలు కొని పరీక్షిస్తే లేబుల్ మీద రాసిన మోతాదు సరిగ్గా ఉన్నవి 41 శాతమే. అనుమతి లేని వేరే మందు కలిసినవి 39 శాతం, ఆ మందుల్లో ఇబుటమోరెన్ కూడా ఒకటి. అసలు మందే లేనివి 9 శాతం. లేబుల్ మీద పరిశోధన కోసం మాత్రమే, మనుషులు వాడకూడదు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, పక్కనే కండలు తిరిగిన మనిషి బొమ్మ ఉంటుంది. ఇది పచ్చి మోసం, దీన్ని మోసంగానే చూడాలి. ఆటల్లో ఉన్న పిల్లలకి ఇంకో ప్రమాదం, ఆటల్లో డోపింగ్‌ని అడ్డుకునే ప్రపంచ సంస్థ వాడా నిషేధిత జాబితాలో ఇది పేరుతో సహా ఉంది, పోటీలున్నా లేకపోయినా దొరికితే దొరికినట్టే.

ఈ మందుని మించిన జబ్బు ఒకటి మనల్ని పట్టుకుంది, అది అంకెల పిచ్చి. రిపోర్టులో అంకె బాగుంటే మనిషి బాగున్నట్టే అనే నమ్మకం ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె లయ తప్పకుండా చూసే ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ మందులు ఈసీజీని బ్రహ్మాండంగా సరిచేశాయి, తీరా ట్రయల్ చేస్తే వేసుకున్నవాళ్లే ఎక్కువమంది చనిపోయారని 1989లో తేలింది. మంచి కొలెస్ట్రాల్‌ని 70 శాతం పైగా పెంచిన టోర్సెట్రాపిబ్‌ని 2006 డిసెంబర్‌లో ఫైజర్ ఉన్నపళంగా ఆపేసింది, కారణం అదే, మరణాలు పెరిగాయి. ఈక్వెడార్‌లో ఒక ప్రాంతంలో పుట్టుకతోనే గ్రోత్ హార్మోన్ పనిచెయ్యనివాళ్లు ఉన్నారు, లారన్ సిండ్రోమ్ అంటారు. వాళ్లని ఏళ్ల తరబడి గమనించి 2011లో ప్రచురించిన ఫలితాల్లో ఒక్కరికీ షుగర్ లేదు, క్యాన్సర్ ఒకే ఒక్కరికి వచ్చింది. గ్రోత్ హార్మోన్ ఎంత పెరిగితే అంత యవ్వనం అని అమ్మేవాళ్లు దీనికి ఏం సమాధానం చెప్తారు?

ఇందులో మీడియా తప్పు కూడా ఉంది. ఎలుకల మీద ఏదన్నా పనిచేస్తే 'వృద్ధాప్యానికి చెక్' అని హెడ్డింగ్ పెడతాం. అదే మందు పదేళ్ల తర్వాత 563 మంది మీద పనిచెయ్యలేదని తేలితే నాలుగు లైన్లు కూడా రాయం. ఏడాదిపాటు ఉత్తుత్తి మాత్రో అసలు మాత్రో తెలియకుండా వేసుకుని, పరీక్షలకి తిరిగి, ఆ పెద్దవాళ్లు మనకిచ్చిన సమాధానం అది. పనిచెయ్యలేదు అనే వార్తకి కూడా మొదటి పేజీలో చోటుండాలి. అది జనానికి చేరకపోబట్టే యూట్యూబ్‌లో సగం చదివినవాడు గురువైపోతున్నాడు.

ఎత్తు కోసం పిల్లలకి ఇది ఇద్దామనుకునే తల్లిదండ్రులు ముందు పిల్లల ఎండోక్రైనాలజిస్టుని, అంటే హార్మోన్ల డాక్టర్‌ని కలవండి, ఎముకల చివర్లు మూసుకుపోయాక ఏ హార్మోనూ ఎత్తు పెంచదు. ఇప్పటికే వాడుతున్నవాళ్లు ఆపేసి పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చేయించుకోండి. కాళ్లవాపో ఆయాసమో ఉంటే ఆలస్యం చెయ్యకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. సిగ్గుపడకుండా ఏం వేసుకున్నారో, ఎన్నాళ్లు వేసుకున్నారో చెప్పండి. లేబుల్ మీద రాసిందే లోపల ఉందని గ్యారంటీ లేదు, ఆ సీసా కూడా చేత్తో పట్టుకెళ్లండి.