సవరణ: బీరువా, వైఫై, నా తప్పు లెక్క

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటి వైఫైకి రే ట్రేసింగ్ (సిగ్నల్‌ను కిరణాలుగా గీసి, అవి దేనికి తగిలి ఎటు వెళ్తాయో లెక్కేయడం) చేసి, గదుల సిగ్నల్ మ్యాప్ గీశాను. వంటింట్లో ఎక్కడున్నా సిగ్నల్ ఒకేలా వస్తుందని, హాల్లోని బీరువా తీసేయమని పోయిన వారం రాశాను. అది తప్పు.

రూటర్ నుంచి నేరుగా వచ్చే కిరణం ఒకటి, హాల్లోని ఇనప బీరువాకు తగిలి వచ్చేది ఇంకొకటి. రెండిటి బలం సమానం అనుకుని, పవర్‌లను ఊరికే కూడేశాను: రెండింతలు, అంటే 3 డెసిబెల్స్ ఎక్కువ. కూడాల్సింది ఫేజ్‌తో (తరంగం ఆ క్షణంలో ఎత్తులో ఉందా, పల్లంలో ఉందా అన్నది) సహా తరంగాలను. ఫేజ్ కలిస్తే నాలుగింతలు, 6 డెసిబెల్స్. ఎదురుపడితే దాదాపు సున్నా. 2.4 గిగాహెర్ట్జ్‌లో తరంగదైర్ఘ్యం సుమారు 12.5 సెంటీమీటర్లే, ఫోన్ రెండు వేళ్ల మేర జరిపినా ఫలితం మారిపోవచ్చు. ("ఈ గట్టు మీద, ఈ మూల పెడితేనే వీడియో కాల్ వస్తుందిరా" అని అమ్మ అంటే నవ్వాను. ఆమె మాటే కరెక్ట్.) నా లెక్క చుట్టుపక్కల సగటుకు పనికొస్తుంది, ఒక్క చోటుకు కాదు.

ఇంకొకటి, సిగ్నల్‌ను ఎంత తగ్గిస్తాయన్న లెక్కలో గోడలన్నిటికీ ఇటుక విలువే ఇచ్చి కాంక్రీట్ పిల్లర్లను వదిలేశాను. వెనక గది మ్యాప్‌ను నమ్మకండి. బీరువా తీసేయమన్న సలహా కూడా వెనక్కి తీసుకుంటున్నా. దాని చాటున ఉన్నవాళ్లకు అది అడ్డమే, ఎదుట ఉన్నవాళ్లకు మాత్రం అద్దంలా పనిచేస్తుంది.