పేరు గీకేసిన రికార్డులు

1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో ఒక పద్ధతి ఉండేది. అమెరికా నుంచి తెప్పించిన రికార్డు జనానికి బాగా ఎక్కుతుందనిపిస్తే, దాని మధ్యలో అంటించి ఉండే గుండ్రటి కాగితాన్ని గీకేసేవాళ్ళు. పాడిందెవరో, వాయించిందెవరో, పాట పేరేమిటో పక్కవాడి కంట పడకూడదు. ఈ పని చేసింది సౌండ్ సిస్టమ్‌లు నడిపేవాళ్ళు. మన ఊళ్ళ మైకుసెట్టు వాళ్ళని గుర్తు తెచ్చుకోండి. వీళ్ళు మనిషంత ఎత్తు స్పీకర్లు ఖాళీ స్థలంలో నిలబెట్టి, టికెట్టు పెట్టి, పొద్దుపోయేదాకా జనాన్ని ఆడించేవాళ్ళు. పక్కవాడి దగ్గర లేని పాట తన దగ్గరుంటేనే జనం తనవైపు వస్తారు. కాక్సన్ డాడ్ అనే ఆయన, విల్లిస్ జాక్సన్ అనే అమెరికా శాక్సఫోన్ వాద్యకారుడి రికార్డు మీద కాగితం గీకేసి, దానికి ‘కాక్సన్ హాప్’ అని తన పేరే పెట్టి మోగించాడు. ఆయన పోటీదారు డ్యూక్ రీడ్ ఆ పాట అసలు పేరు కోసం ఏళ్ళ తరబడి వెతికి, చివరికి కనిపెట్టాడు.

ఆ దశాబ్దం చివరికి అమెరికాలో రాక్ అండ్ రోల్ మోజు పెరిగింది. కింగ్‌స్టన్ జనం ఇష్టపడే తరహా రికార్డులు రావడం తగ్గింది. బయటి నుంచి రాకపోతే మనమే చేయిద్దాం అని డాడ్, రీడ్, వాళ్ళ తరవాత ప్రిన్స్ బస్టర్ అక్కడి కళాకారులనే స్టూడియోల్లోకి పిలిచారు. అలా పుట్టింది స్కా. 1962 ఆగస్టు 6న జమైకాకు స్వాతంత్ర్యం వచ్చేసరికి ఆ దేశపు వీధుల్లో మోగుతున్నది ఈ సంగీతమే.

నేను 2007లో ఉద్యోగం మీద ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చాను. స్కా అనే మాటే తెలియదు. ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఒకరోజు నేను టేబుల్ మీద వేళ్ళతో తాళం వేసుకుంటుంటే ఆగి విన్నాడు. మర్నాడు ఒక ఎల్పీ రికార్డు తెచ్చి చేతిలో పెట్టాడు. ఈ ఊరి బృందం ద స్పెషల్స్ 1979లో తెచ్చిన మొదటి ఆల్బమ్ అది. అట్ట లోపల మడిచిన కాగితం ఒకటి ఉంది. ఈ ఆల్బమ్‌లో ఏ పాట అంతకుముందు ఎవరు పాడింది, ఏ సంవత్సరం, ట్రాంబోన్ వాయించిందెవరు, అన్నీ చేతిరాతతో రాసి ఉన్నాయి. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

ముందు ఆ దరువు గురించి రెండు మాటలు. మనం ఒకటి, రెండు, మూడు, నాలుగు అని చెయ్యి వేస్తే దెబ్బ అంకె మీద పడుతుంది. స్కాలో గిటారు, పియానో అంకెకూ అంకెకూ మధ్య ఖాళీలో ‘చక్’ మని పడతాయి. సంగీతం నేర్చుకున్నవాళ్ళకి ఇది సులువుగా తెలుస్తుంది. చెయ్యి పడ్డాక అర అక్షరం ఆగి ఎత్తుకునే కీర్తనలు మనకెన్నో ఉన్నాయి, దాన్ని అనాగత ఎత్తుగడ అంటాం. కీర్తనలో ఆ ఆగడం ఎత్తుగడ దగ్గర ఉంటుంది. స్కాలో ప్రతి అంకె తరవాతా ఉంటుంది, పాట అయిపోయేదాకా. అందుకే కాళ్ళు ఊరుకోవు. దాని మీద ట్రంపెట్లు, శాక్సఫోన్లు, ట్రాంబోన్లు. మా ఊళ్ళో పెళ్ళి ఊరేగింపు మలుపు తిరిగేటప్పుడు బ్యాండు మేళం ఒక్కసారిగా హోరెత్తేది, చిన్నప్పుడు ఆ మలుపు దగ్గరే కాచుకుని నిలబడేవాణ్ణి. ఈ రికార్డు మొదటిసారి విన్నప్పుడు అదే గుర్తొచ్చింది.

పెద్దాయన కాగితంలో మొదటి వరుస ‘ఎ మెసేజ్ టు యూ, రూడీ’. స్పెషల్స్ కంటే పన్నెండేళ్ళ ముందు, 1967లో, డాండీ లివింగ్‌స్టన్ పాడిన పాట. ఆ పాటలో ట్రాంబోన్ వాయించింది రీకో రోడ్రిగెజ్. 1979లో స్పెషల్స్ దాన్ని మళ్ళీ రికార్డు చేసేటప్పుడు ఎవర్ని పిలిచారనుకుంటున్నారు? అదే రీకోని. కింగ్‌స్టన్‌లో పెరిగి, 1961లో ఇంగ్లండ్ వచ్చిన మనిషి. తమకంటే దాదాపు ఇరవై ఏళ్ళు పెద్దవాడైన ఆ కళాకారుణ్ణి పిలిచి పక్కన నిలబెట్టుకుని వాయించమన్నారు ఆ కుర్రాళ్ళు. నా దృష్టిలో ఇంతకంటే గొప్ప సిఫారసు ఇంకోటి లేదు. మాకు నచ్చింది, మీరూ వినండి, ఇదిగో వాయించిన మనిషి ఈయనే అని జనానికి చూపించారు.

ఆ తరం బృందాలన్నీ ఇదే చేశాయి. లండన్‌లోని కామ్డెన్ కుర్రాళ్ళు తమ బృందానికి మ్యాడ్‌నెస్ అని పేరు పెట్టుకున్నది ప్రిన్స్ బస్టర్ పాట పేరు చూసే. వాళ్ళ మొదటి సింగిల్ ఆయన మీద కట్టిన పాటే. 1979లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ ‘వన్ స్టెప్ బియాండ్’ పేరు కూడా ఆయన వాద్య గీతానిదే. బర్మింగ్‌హామ్ బృందం ద బీట్ 1980లో తెచ్చిన ‘ఐ జస్ట్ కాంట్ స్టాప్ ఇట్’లో శాక్సఫోన్ వాయించిన శాక్సా, జమైకాలో పుట్టి ప్రిన్స్ బస్టర్‌తో వాయించినవాడు. మిగతా బృందంలో చాలామందికి తండ్రి వయసు. ఒక తరం పేర్లు గీకేసింది. దాని పిల్లల తరం ఆ పేర్లన్నీ ఏరి మళ్ళీ రాసింది.

ఇక్కడ నా అభిప్రాయం. స్కా వినాలనుకునే తెలుగువాళ్ళు కోవెంట్రీ నుంచి మొదలుపెట్టి వెనక్కి నడవాలి. చాలామంది అభిమానులు దీనికి ఒప్పుకోరు. 1964 కింగ్‌స్టన్ తప్ప మిగతాదంతా నకలు అంటారు. వాళ్ళ ప్రేమ నాకు అర్థమవుతుంది. కానీ జమైకా స్కా ప్రధానంగా చిన్న రికార్డుల సంగీతం, అటో పాట, ఇటో పాట. ఆల్బమ్‌లు అంటే ఎక్కువగా తరవాత ఏరి కూర్చినవి. చాలావాటి మీద వాయించినవాళ్ళ పేర్లు సరిగా ఉండవు, కొన్నిటి మీద పాట పేర్లే తారుమారు. కొత్తవాడి చేతిలో అలాంటిది ఒకటి పెట్టి వినమంటే తోవ తెలియని ఊళ్ళో దింపేసినట్టు ఉంటుంది. స్పెషల్స్ ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా తోవ చూపిస్తుంది.

ఆ తోవ చివర ఉన్నది స్కాటలైట్స్. కింగ్‌స్టన్‌లో 1964లో బృందంగా ఏర్పడి 1965లోనే విడిపోయారు. అంత కొద్దికాలంలోనే లెక్కలేనన్ని రికార్డులకు వాయించారు. బాబ్ మార్లే తన మిత్రులతో పాడిన తొలి హిట్ పాట వెనక ఉన్నదీ ఈ వాద్యకారులే. వీళ్ళలో చాలామంది ఆల్ఫా బాయ్స్ స్కూల్లో చదివారు. కింగ్‌స్టన్‌లో క్యాథలిక్ సన్యాసినులు పేద పిల్లల కోసం నడిపిన బడి అది. అక్కడ సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అనే ఆవిడ పిల్లల చేతికి వాయిద్యాలిచ్చి, తన సొంత రికార్డులు వినిపించేది. స్కాలో ఇంత ఇత్తడి మోత ఎక్కడిది అంటే ఆ బడి బ్యాండుదే. రీకో కూడా అక్కడివాడే. ఆయనకు ట్రాంబోన్ నేర్పింది అదే బడిలో తనకంటే కాస్త పెద్దవాడైన డాన్ డ్రమండ్.

డ్రమండ్ ట్రాంబోన్ వినాలంటే 1997లో వచ్చిన ‘ఫౌండేషన్ స్కా’ అనే రెండు సీడీల సంకలనం తీసుకోండి. ఆడే పాటలోనూ ఆయన వంతు వచ్చేసరికి ఏదో దిగులు కమ్ముకుంటుంది, అయినా కింద దరువు ఆగదు. ఆయన్ని గురించి చెప్పేటప్పుడు అభిమానులు తరచు సగం దగ్గర ఆపేస్తారు. 1965 జనవరి 1న ఆయన తనతో కలిసి ఉంటున్న అనీటా మహ్ఫూద్‌ను పొడిచి చంపాడు. 1969లో మానసిక చికిత్సాలయంలోనే చనిపోయాడు. ‘పిచ్చి ముదిరిన మేధావి విషాదాంతం’ అని అతని కథగానే చెప్పుకుంటారు. ఆవిడ మార్గరీటా అనే పేరుతో కింగ్‌స్టన్‌లో పేరున్న నర్తకి. స్కాలో ఆడగొంతులు బాగా తక్కువగా ఉన్న కాలంలో ‘ఉమన్ కమ్’ అని సొంత పాట రికార్డు చేసింది. డ్రమండ్ ఆల్బమ్ ఎవరికైనా ఇస్తే ఆ పాట కూడా ఇవ్వండి. ఆవిడ పేరు గీకేయడం ఇక చాలు.

కోవెంట్రీకి తిరిగి వస్తాను, ఎందుకంటే మన తెలుగు సంఘంలో సగం మంది ఈ చుట్టుపక్కలే ఉంటున్నాం. స్పెషల్స్‌లో జెర్రీ డామర్స్ 1979లో ఇక్కడ పెట్టిన టూ టోన్ రికార్డు కంపెనీ గుర్తు నలుపు తెలుపు గళ్ళు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు ఒకే వేదిక మీద వాయిస్తారు అని దాని అర్థం. అది మాటవరసకి పెట్టుకున్నది కాదు. 1981 ఏప్రిల్‌లో ఈ ఊరి నడిబొడ్డున జాతి ద్వేషంతో ఒక సిక్కు విద్యార్థిని చంపేశారు. ఆ జూన్‌లో స్పెషల్స్ ఇక్కడి బట్స్ స్టేడియంలో జాతి విద్వేషానికి వ్యతిరేకంగా కచేరీ పెట్టారు. అదే నెలలో వచ్చింది ‘ఘోస్ట్ టౌన్’. ఫ్యాక్టరీలు మూతబడి, కుర్రాళ్ళకు పనుల్లేక, దెయ్యాల ఊరైపోయిన నగరం పాట. ఇంగ్లండ్ నగరాల్లో అల్లర్లు రేగుతున్న జూలై నెలలో అది దేశంలో నంబర్ వన్‌గా ఉంది. అప్పట్లో దాన్ని ఏ ఆల్బమ్‌లోనూ చేర్చలేదు, విడిగా వినాలి. మన పిల్లలు రోజూ బస్సెక్కే వీధుల పాట అది. మనలాంటి ముఖాలున్న మనుషుల కోసం ఆ కుర్రాళ్ళు నిలబడ్డారని పిల్లలకు తెలియాలని నాకు బలంగా ఉంది.

ఇదే ఊరి బృందం ద సెలెక్టర్. పాలీన్ బ్లాక్ గొంతు వినడానికైనా 1980 నాటి ‘టూ మచ్ ప్రెషర్’ వినండి. అందులో ‘క్యారీ గో బ్రింగ్ కమ్’ అని జస్టిన్ హైండ్స్ పాత పాట ఒకటుంది. అక్కడి మాటలు ఇక్కడికి, ఇక్కడివి అక్కడికి మోసేవాళ్ళ మీద పాట. మన అమ్మలు ‘చాడీలు మొయ్యకే’ అంటారే, అచ్చం అదే.

ఇక అమెరికా సంగతి. 1990లలో అక్కడ స్కాకి పంక్ రాక్ కలిపిన బృందాలు బోలెడు వచ్చాయి. వాటిని నేను చాలాకాలం పక్కన పెట్టేశాను. మా అక్క కూతురు టెక్సాస్‌లో హైస్కూల్ చదువుతూ మార్చింగ్ బ్యాండులో ట్రాంబోన్ వాయిస్తుంది. దానికి ‘ఫౌండేషన్ స్కా’ పంపాను. నెల తరవాత ఫోన్ చేసి, “మామయ్యా, నువ్విచ్చింది మొత్తం విన్నాను, డ్రమండ్ వాయించింది రెండు పాటలు నేర్చుకున్నాను. ఇప్పుడు నేనిచ్చింది నువ్వు వినాలి” అంది. ఫిలడెల్ఫియా బృందం క్యాట్‌బైట్ 2021లో తెచ్చిన ‘నైస్ వన్’ పంపింది. వాళ్ళు నలుగురే. ట్రాంబోన్ వాయించే పిల్ల ఇత్తడి వాయిద్యాల మీద ఆధారపడని బృందాన్ని ఎంచిందేమిటా అనుకుంటూ విన్నాను. మూడోసారికి గానీ గిటారు ఎక్కడ పడుతోందో చెవికి పట్టలేదు. కింగ్‌స్టన్‌లో పడ్డచోటే పడుతోంది. ‘అసలైన స్కా’ అనే మాట ఆ తరవాత నేను వాడలేదు. అప్పుడే దానికి హెప్‌క్యాట్ వాళ్ళ ‘రైట్ ఆన్ టైమ్’ పంపాను, 1998 నాటిది, లాస్ ఏంజెలెస్ బృందం. పాత జమైకా మెత్తదనం నచ్చేవాళ్ళకి అమెరికా ఆల్బమ్‌లలో నా మొదటి మాట అదే.

నాకు బెంగగా ఉన్నది వేరే విషయం. ఇప్పుడు పాటల యాప్ తెరిస్తే ‘హుషారు స్కా’, ‘పార్టీ స్కా’ అని వంద పాటల జాబితాలు తయారుగా ఉంటాయి. ఒకదాని వెనక ఒకటి మోగిపోతుంటాయి. పాడిందెవరు, ఏ ఊరు, ఏ ఏడు, ఎవరికీ పట్టదు. మనం చేసేదీ అదే, వాట్సాప్ గ్రూపులో నలభై లింకులు పడేసి ‘సూపర్’ అని రాసి వదిలేస్తాం. కాక్సన్ డాడ్ కష్టపడి గీకిన కాగితం ఇప్పుడు దానంతట అదే ఊడిపోతోంది. డాడ్ దాచింది కనీసం ఆ పాటకు విలువుందని తెలిసి.

అందుకని నేనిలా చేస్తున్నాను. ఒక మనిషికి ఒక్కసారి ఒకే ఆల్బమ్. ఆ మనిషిని బట్టి ఎంచాలి. క్లారినెట్ కచేరీలకి వెళ్ళే మా పక్కింటి బాబాయిగారికి స్కాటలైట్స్ ఇచ్చాను. పాటలో మాట ముఖ్యం అనే స్నేహితురాలికి సెలెక్టర్. ‘బాగుంటుంది విను’ అని ఊరుకోను. ఫలానా పాటలో రెండో చరణం అయ్యాక ట్రాంబోన్ వస్తుంది, అక్కడ ఆగి విను అని చెబుతాను. తరవాత వారంలో అడుగుతాను. నచ్చలేదంటే ఎందుకు నచ్చలేదో వింటాను, రెండో ఆల్బమ్ దాన్ని బట్టే దొరుకుతుంది.

వచ్చే ఉగాది కార్యక్రమానికి ఆరు ఆల్బమ్‌లు తెస్తున్నాను. భోజనాల హాలు పక్కన చిన్న టేబుల్ వేయడానికి కార్యవర్గం ఒప్పుకుంది. కావలసినవాళ్ళు ఒకటి తీసుకెళ్ళి, విని, తిరిగి ఇవ్వవచ్చు. ప్రతి అట్టలోనూ ఒక కాగితం పెడుతున్నాను, పెద్దాయన రాసినట్టే. స్కాటలైట్స్ కాగితం నిన్న రాత్రి రాశాను. అందరూ ట్రాంబోన్ గురించే అడుగుతారు కాబట్టి దాన్ని రెండో వరుసలో పెట్టి, పైన డ్రమ్ములు వాయించిన ఆయన పేరు రాశాను: లాయిడ్ నిబ్.