‘ఏదోలా ఉంది’ అన్నా చాలు

ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్న సందేశం ఒకటుంది. “బాధకు పేరు పెడితే అది ఇంకా పెరుగుతుంది. మనసులో ఉన్నది చెప్పడం రానివాళ్లకు థెరపీ దండగ. అక్కడా మాటలే కదా, దానికి స్నేహితుడు చాలడా?” అని.

పేరు పెడితే పెరుగుతుందన్న మాట ముందు చూద్దాం. 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం కొందరికి మెదడు స్కాన్ తీస్తూ కోపం, భయం నిండిన ముఖాల ఫొటోలు చూపించింది. ఆ ముఖంలోని భావానికి తగిన మాటను ఎంచుకున్నప్పుడు, అపాయాన్ని పసిగట్టే అమిగ్డలా అనే మెదడు భాగంలో అలజడి తగ్గింది. ఫొటోలు వేరు, సొంత బాధ వేరు అంటారా? 2012లో సాలీడంటే హడలిపోయేవాళ్లతో ఇంకో ప్రయోగం జరిగింది. దాని ఎదుట నిలబడి ‘నాకు భయమేస్తోంది’ అని ఉన్నదున్నట్టు చెప్పినవాళ్లలో, వారం తర్వాత మళ్లీ దాన్ని చూసినప్పుడు ఒంట్లో టెన్షన్ తక్కువగా కనిపించింది. ‘ఇదేం చేయదులే’ అని ధైర్యం చెప్పుకున్నవాళ్లకు అంత మేలు జరగలేదు.

సందేశంలో ఒక పిసరు నిజం లేకపోలేదు. ‘నాకే ఎందుకిలా’ అని రాత్రంతా అదే తలుచుకుంటే బాధ పెరుగుతుంది. ప్రమాదం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి బలవంతంగా చెప్పించడమూ మేలు చేయదని పరిశోధనల్లో తేలింది. థెరపీలో ఆ తొందర ఉండకూడదు.

ఇక మాటలు రానివాళ్లకు దండగ అన్నది. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. భావాలకు మాటలు దొరకని స్థితికి పీటర్ సిఫ్నియోస్ అనే సైకియాట్రిస్టు 1970ల్లోనే ‘అలెక్సిథైమియా’ అని పేరు పెట్టాడు. అంటే ఈ ఇబ్బంది వాళ్లకు కొత్తేం కాదు. యూజీన్ జెండ్లిన్ అనే మనస్తత్వవేత్త థెరపీ సంభాషణల రికార్డింగులు విని గమనించింది ఇంకా ఆసక్తికరం: గడగడా చెప్పేవాళ్లకన్నా, ఆగి, తడుముకుని, ‘ఊహూఁ, అది కాదు’ అని మాట మార్చుకునేవాళ్లకే ఎక్కువ మేలు జరిగింది.

నేను థెరపీకి వెళ్లిన కొత్తలో ‘ఏదోలా ఉంది’ తప్ప నా నోట ఇంకో మాట రాలేదు. “ఆ ఏదోలా అన్నది ఒంట్లో ఎక్కడ తెలుస్తోంది?” అని అడిగారు మా థెరపిస్టు. గొంతులో. ఎవరో పట్టేసినట్టు. “కోపమా?” కోపమే అన్నాను. మూడు వారాలు అదే అన్నాను. ఓరోజు చెబుతూ చెబుతూ ‘చిన్నబోయాను’ అనేశాను. గొంతు వదులైంది. కోపమనుకున్నన్నాళ్లూ అన్నయ్యతో ఎలా గొడవ పడాలా అని చూశాను. నిజానికి నాకు కావాల్సింది, నలుగురిలో నా మాట తీసిపారేసినందుకు వాడు ఒక్కసారి ‘తప్పయింది’ అనడం. అది అడగడానికి గొడవ అక్కర్లేదు.

స్నేహితుడు చాలడా అంటే, నేనూ ముందు వాడికే చెప్పాను. “పడుకోరా, తగ్గిపోతుంది” అన్నాడు, ప్రేమగానే. పడుకున్నాను. తెల్లారి లేచాక కూడా ఏదోలానే ఉంది.