ఐదు వాక్యాల్లో ప్రభుత్వ తత్వం: ఏ వాక్యం ఎక్కడ తప్పింది

పరీక్షలు దగ్గర పడగానే హైస్కూలు పిల్లల ఫోన్లలో ఒక మెసేజ్ తిరుగుతుంది. ప్రభుత్వానికి తాత్విక పునాదులు అనే పాఠం మొత్తాన్ని అది ఐదు వాక్యాల్లో తేల్చేస్తుంది. "మనుషులు ఒకప్పుడు అడవుల్లో బతికి, తర్వాత కూర్చుని ఒప్పందం చేసుకుని ప్రభుత్వాన్ని పెట్టుకున్నారు. హాబ్స్ రాజుల మనిషి, నియంతృత్వవాది. లాక్ ప్రజాస్వామ్య పితామహుడు. ప్రభుత్వ శాఖలు ఒకదాని జోలికి ఒకటి పోకూడదన్నాడు మాంటెస్క్యూ. మళ్ళీ అడవికి పొమ్మన్నాడు రూసో."

ఇందులోని నలుగురూ 17, 18 శతాబ్దాల యూరప్ తత్వవేత్తలు. బట్టీ పట్టడానికి బాగానే ఉంది. కానీ ఇందులో ఒక్క వాక్యం కూడా గట్టిగా నొక్కితే నిలవదు. మొదటి వాక్యాన్ని చివరికి ఉంచుతాను, అసలు చిక్కు అక్కడ ఉంది కాబట్టి.

హాబ్స్ రాజుల మనిషా? అలాగైతే రాజుల మనుషులకు ఆయనంటే అంత కోపం ఎందుకు? ఇంగ్లండులో 1642లో అంతర్యుద్ధం మొదలైంది, 1649లో రాజు మొదటి చార్లెస్ తల నరికారు. హాబ్స్ అప్పుడు పారిస్‌లో ఉన్నాడు. అక్కడికి పారిపోయి వచ్చిన యువరాజుకు లెక్కలు కూడా చెప్పాడు. అయినా 1651లో ఆయన పుస్తకం 'లెవియాథన్' అచ్చయ్యాక ఆ ప్రవాస దర్బారే ఆయన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. ఎందుకంటే రాజుకు అధికారం దేవుడిచ్చాడని ఆయన అనలేదు. ప్రాణభయంతో మనుషులు తమలో తాము చేసుకున్న ఒడంబడిక నుంచి అది వచ్చిందన్నాడు. అలా వచ్చిన అధికారం ఒక మనిషి చేతిలోనే ఉండాలని కూడా లేదు, ఒక సభ చేతిలోనైనా ఉండొచ్చు. ఇంకా ఇబ్బందికరమైన మాట మరొకటి ఉంది: సార్వభౌముడు కాపాడగలిగినంత కాలమే ప్రజలు లోబడాలి. ఆ శక్తి పోయిన రోజున ఆ బాధ్యతా పోతుంది. 'నిన్ను నువ్వు చంపుకో' అని రాజు ఆజ్ఞాపిస్తే కాదనే స్వేచ్ఛ మనిషికి ఉందని 21వ అధ్యాయంలో స్పష్టంగా రాశాడు.

రాజుకు అధికారం దేవుడిచ్చిందేనని నమ్మిన ఇంగ్లండు రచయిత రాబర్ట్ ఫిల్మర్ 1652లో దీన్ని సరిగ్గా పట్టుకున్నాడు. హాబ్స్ కట్టిన భవనం తనకు నచ్చిందనీ, పునాది మాత్రం నచ్చలేదనీ అన్నాడు. ఆ భవనం మాట నిజమే, దాన్ని దాచనక్కర్లేదు. సార్వభౌమాధికారాన్ని పంచకూడదని, ప్రజలు తమంతట తాము దాన్ని మార్చలేరని హాబ్స్ అన్నాడు, రాచరికం వైపే మొగ్గాడు. కానీ మనం చదువుతున్నది పునాదుల పాఠం. మెసేజ్ భవనాన్ని చూసి పునాదిని వదిలేసింది. 1683లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆయన పుస్తకాలను తగలబెట్టింది, రాజభక్తి ఉప్పొంగుతున్న రోజుల్లోనే.

లాక్‌కు ఇచ్చిన బిరుదు ఇంకొక రకం తప్పు. 1689లో పేరు లేకుండా వెలువడిన, ప్రభుత్వం మీద ఆయన రాసిన రెండు గ్రంథాల్లో ఎక్కడా అందరికీ ఓటు అనే మాట లేదు. అధిక సంఖ్యాకులు తలచుకుంటే ప్రజాస్వామ్యం పెట్టుకోవచ్చు, కొద్దిమంది పాలన పెట్టుకోవచ్చు, రాచరికమైనా పెట్టుకోవచ్చు అన్నాడు. ప్రభుత్వ రూపం మీద ఆయనకు పెద్ద పట్టింపు లేదు, పట్టింపంతా హద్దు మీద. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి ప్రభుత్వం కంటే ముందే మనిషివి. వాటిని కాపాడమని నమ్మి అప్పగించాం, నమ్మకద్రోహం చేస్తే దించేయొచ్చు. 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో వినబడేది ఈ మాటే. పితామహుడి విగ్రహం నిలబెట్టాలనుకునేవాళ్ళు ఇంకొకటి కూడా చూడాలి. 1669లో కరోలినా వలస కోసం రాసిన రాజ్యాంగం తయారీలో లాక్ చేయి ఉంది. నల్లజాతి బానిసల మీద యజమానికి సంపూర్ణ అధికారం ఇచ్చిన పత్రం అది.

మాంటెస్క్యూ విషయంలో ఎక్కువ చెప్పాల్సింది లేదు. 1748 నాటి ఆయన పుస్తకంలోనే శాసన శాఖను ఆపే అధికారం కార్యనిర్వాహకుడికి ఉంది, చట్టాలు ఎలా అమలవుతున్నాయో తనిఖీ చేసే అధికారం శాసన శాఖకు ఉంది. అధికారాన్ని అధికారమే ఆపాలన్నది ఆయన మాట. జోలికి పోకుండా ఎలా ఆపుతుంది? 1788లో అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ జేమ్స్ మాడిసన్ కూడా ఈ అపార్థానికే జవాబు రాయాల్సి వచ్చింది. ఒక శాఖ అధికారం మొత్తం, ఇంకొక శాఖ అధికారం మొత్తం ఒకే చేతుల్లో పడకూడదన్నదే మాంటెస్క్యూ ఉద్దేశమని ఆయన వివరించాడు.

రూసో మీద ఈ నింద ఆయన బతికుండగానే పడింది. అసమానత మీద ఆయన రాసింది చదివితే నాలుగు కాళ్ళ మీద నడవాలనిపిస్తోందని 1755లో ఫ్రెంచి రచయిత వోల్టేర్ ఎద్దేవా చేస్తూ ఉత్తరం రాశాడు. తమాషా ఏమిటంటే, ఆ పుస్తకం చివరి గమనికల్లోనే రూసో ముందు జాగ్రత్త పడ్డాడు: సమాజాలను కూలగొట్టి ఎలుగుబంట్లతో కలిసి అడవుల్లో బతకాలా? అలాంటి ముగింపు నా ప్రత్యర్థులు తీసే రకం అని. 1762లో 'సామాజిక ఒడంబడిక'లో ఇంకా ముందుకు వెళ్ళి, బుద్ధి లేని జంతువును మనిషిగా చేసింది పౌరజీవితమే అన్నాడు. ఆయన వెతికింది అడవి దారి కాదు. అందరితో కలిసి ఉంటూనే, తాను కూడా పాలుపంచుకుని చేసిన చట్టానికి మాత్రమే మనిషి లోబడే మార్గం కోసం వెతికాడు. 'జనేచ్ఛ', అంటే అందరి మేలు కోరే ఉమ్మడి సంకల్పం, అనే మాట అక్కడిది. ఆ మార్గం దొరికిందా అంటే నాకు అనుమానమే.

ఇక మొదటి వాక్యం. అందరూ కూర్చుని ఒప్పందం చేసుకున్న రోజు ఏది? ఒప్పందానికి ముందు ఉండేదనే ప్రభుత్వం లేని స్థితి కూడా ప్రపంచమంతటా ఎన్నడూ లేదనే అనుకుంటున్నానని హాబ్స్ స్వయంగా రాశాడు. ఆయన అడిగింది వేరు: చట్టాలు, అధికారులు ఉన్నారని తెలిసి కూడా రాత్రి తలుపు గడియ పెడతావు, ఇంట్లో పెట్టెలకు తాళం వేస్తావు, మరి అవన్నీ తీసేస్తే? అది జరిగిపోయిన కథ కాదు, ఊహలో చేసే ప్రయోగం. 'మనిషి స్వేచ్ఛగా పుట్టాడు, అంతటా సంకెళ్ళలో ఉన్నాడు' అన్న రూసో వాక్యాన్ని అందరూ ఎత్తిరాస్తారు. ఈ మార్పు ఎలా వచ్చిందో నాకు తెలియదు, దాన్ని న్యాయబద్ధం చేసేది ఏమిటో మాత్రం చెప్పగలననుకుంటాను అని ఆ వెంటనే ఉన్న మాటలను వదిలేస్తారు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ ఇలాంటి కథ ఉంది. మత్స్యన్యాయంతో, అంటే పెద్ద చేప చిన్న చేపను మింగే పద్ధతితో, విసిగిన జనం మనువును రాజుగా ఎంచుకుని పంటలో ఆరో వంతు ఇచ్చారని. అయితే అక్కడ ఆ కథ చెప్పేది చరిత్రకారుడు కాదు, గూఢచారి. జనం మధ్య ఒక గూఢచారి రాజును తప్పుపడితే, ఇంకొకడు ఈ కథతో వాడి నోరు మూయించాలి.

అంటే ప్రశ్న 'ఎప్పుడు ఒప్పుకున్నాం' అని కాదు, 'ఎందుకు లోబడాలి' అని. ఒప్పుకున్నాం కాబట్టి అంటే, నేనెప్పుడు ఒప్పుకున్నానని పదో తరగతి పిల్లయినా అడుగుతుంది. లాక్ దీనికి సిద్ధంగానే ఉన్నాడు: దేశంలోని రహదారి మీద నడిచినా మౌనంగా సమ్మతించినట్టే. 1748లో స్కాట్లండు తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ దీన్ని పట్టుకున్నాడు. నిద్రలో ఉన్న మనిషిని మోసుకొచ్చి ఓడలో పడుకోబెట్టారు. దిగాలంటే సముద్రంలో దూకి చావాలి. ఓడలోనే ఉన్నాడు కాబట్టి ఓడ యజమాని అధికారాన్ని ఇష్టపడి ఒప్పుకున్నాడనగలమా?

లాక్ ఏమనేవాడో అడగడానికి వీల్లేదు, అప్పటికి ఆయన చనిపోయి 44 ఏళ్ళు. ఆయన తరఫున జవాబు రాయమనే ప్రశ్నపత్రం మాత్రం నేనింకా చూడలేదు.