మొదటి కోత గురించి రెండు మాటలు

పెద్ద దుంగను చెయిన్‌సా మిల్లుతో (చెయిన్‌సాకు బిగించి పలకలు కోసే చట్రం) పలకలుగా కోయడం గురించి మీ వ్యాసంలో బాగానే రాశారు కానీ, మొదటి కోతను ఒక్క వాక్యంలో దాటేశారు. అసలు పనంతా అక్కడే ఉంది. దుంగ పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి నిచ్చెన లాంటిది తిన్నగా బిగించి, దాని మీద మిల్లును నడపాలి. ఆ కోత వంకరపోయిందా, కింద వచ్చే ప్రతి పలకకూ అదే వంకర. చెయిన్ కూడా అడ్డకోతది కాదు, పళ్లు 10 డిగ్రీల కోణంలో అరగదీసిన నిలువుకోతది (చెక్క నార వెంట కోసేది) ఉండాలి. కోత సాగేకొద్దీ వెనక చిన్న చెక్క చీలికలు దూర్చకపోతే పై పలక బరువుకి బార్ (చెయిన్ తిరిగే పొడవాటి లోహపు పట్టీ) ఇరుక్కుంటుంది.

దుంగ చివర నీలి నలుపు మరక కనిపిస్తే ఆగండి. లోపల మేకు ఉండొచ్చు. ఇనుము చెక్కలోని టానిన్‌తో (చెక్కలో సహజంగా ఉండే వగరు పదార్థం) కలిస్తే అదే రంగు. (మేకు తగిలితే చెయిన్ పని ఖతం.)

ఇక, 3 అంగుళాల పలక ఆరు నెలల్లో ఆరిపోతుందన్న మీ మాట మాత్రం ఒప్పుకోలేను. గాలికి ఆరబెడితే అంగుళం మందానికి సుమారు ఏడాది అన్నది పాత లెక్క. చెక్క రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది, అంతే. కోసిన రోజే పలకల చివరలకు మైనమో పెయింటో పూయమని కూడా వ్యాసంలో చేర్చండి.